హైడ్రోజన్ బంధం బలహీనమైనదైతే నీటిని మరిగించడానికి అంత వేడి ఎందుకు?

హైడ్రోజన్ బంధం బలహీనమని పుస్తకాలు చెబుతున్నాయి కదా, మరి నీరు 100 డిగ్రీల దాకా ఎందుకు మరగదని అడిగారు. దేనికంటే బలహీనమో చెప్పకుండా ఆ మాటను వదిలేయడమే ఈ చిక్కుకు మూలమని నా అభిప్రాయం. నీటి అణువు లోపల ఆక్సిజన్‌ను హైడ్రోజన్‌తో కలిపే బంధాన్ని తెంచాలంటే మోలుకు (అంటే అణువులను లెక్కించే ఒక నిర్ణీత సంఖ్యకు) సుమారు 460 కిలోజౌళ్ళు కావాలి. ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్యనున్న హైడ్రోజన్ బంధానికి ఇరవై చిల్లర చాలు. ఆ లెక్కన అది బలహీనమే. కాని నీటి అణువు కంటే దాదాపు రెండింతలు బరువైన హైడ్రోజన్ సల్ఫైడ్, చెప్పుకోదగ్గ హైడ్రోజన్ బంధాలు లేక, మైనస్ 60 డిగ్రీలకే మరిగిపోతుందన్న సంగతి కూడా చూడాలి.

ఈ బలం నాకు చేతికి తెలిసింది ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఛత్రపురం దగ్గర మా మేనమామ పనిచేసిన మొగలి బట్టీలో. వానాకాలంలో కోసి తెచ్చిన మొగలి పూలను రాగి పాత్రలో నీళ్ళతో వేసి, మూత అంచులకు బంకమట్టి మెత్తి, కింద మంట పెట్టేవారు. ఆవిరి గొట్టం గుండా వెళ్ళి, చన్నీళ్ళ తొట్టెలో కూర్చోబెట్టిన మరో పాత్రలో చల్లబడేది. ఆ తొట్టెలో నీళ్ళు మార్చే పని నాది. బావి నుంచి తోడి పోసిన నీళ్ళు కాసేపటికే చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కేవి, "నీళ్ళు మార్చరా, అత్తరు పోతోంది" అని మామయ్య కేకలు వేసేవాడు. మంట అవతల పాత్ర కింద ఉంటే ఇవతల తొట్టెకు ఇంత వేడి ఎక్కడిది? కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,260 కిలోజౌళ్ళు ఖర్చవుతాయి; అందులో చాలా భాగం అణువులను ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికే పోతుంది. ఆవిరి తిరిగి నీరైనప్పుడు ఆ అణువులు మళ్ళీ పెనవేసుకుని, పుచ్చుకున్న వేడిని అణాపైసలతో సహా తొట్టెకు అప్పగిస్తాయి. ఇథైల్ ఆల్కహాలు విషయంలో ఈ ఖర్చు కిలోకు 840 దాపునే ఉంటుంది.

మా వైపు ఒక కోచింగ్ సెంటరు పంచిన నోట్సులో, నీరు మరిగితే హైడ్రోజనూ ఆక్సిజనూ విడిపోతాయని అచ్చు వేసి ఉండగా చూశాను. అదే నిజమైతే ఆ రెండు వాయువులూ నిప్పు తగిలి పేలి, మండే పొయ్యి పక్కన ఒక్క బట్టీ కూడా మిగిలేది కాదు.

మొగలి వాసనలో మరో ఉదాహరణ దాగి ఉంది, దాన్ని పాఠాల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఆ వాసనకు ప్రధానమైన పదార్థం, గులాబీలో ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాలుకు మిథైల్ ఈథరు. అంటే ఆల్కహాలులో ఆక్సిజన్‌కు అంటుకున్న హైడ్రోజన్ స్థానంలో ఇక్కడ మిథైల్ సమూహం (ఒక కార్బన్, దానికి మూడు హైడ్రోజన్లు) ఉంటుంది. బరువు పెరిగింది కనుక మరిగే ఉష్ణోగ్రత కూడా పెరగాలనుకుంటాం. కాని ఆల్కహాలు 220 డిగ్రీల దగ్గర మరిగితే ఈ ఈథరు 190 దగ్గరే మరుగుతుంది, ఎందుకంటే దాని అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధం కట్టుకోలేవు. గులాబీలను బట్టీ పట్టినప్పుడు ఆ ఆల్కహాలులో చాలా భాగం నీటినే పట్టుకుని పన్నీరులో ఉండిపోతుంది. మొగలి ఈథరు మాత్రం నీటితో అంతగా కలవక తైలంలోకి చేరుతుంది.

మీరు పరీక్షకు చదువుతున్నవారైతే "బలహీనం" అని రాసి ఊరుకోక, "సమయోజనీయ బంధం కంటే" (అంటే అణువు లోపల ఆక్సిజన్‌నూ హైడ్రోజన్‌నూ కలిపే బంధం లాంటి దాని కంటే) అన్న మాటను దానికి ముందు తప్పక చేర్చండి.