తాతకు టర్కీ, మనవరాలికి జర్మనీ

ప్రశ్న: జర్మనీలో మా అబ్బాయి పొరుగున టర్కీ కుటుంబం ఉంటోంది. అరవై ఏళ్లుగా అక్కడే ఉన్నా తాతగారిది టర్కీ పౌరసత్వమే, మనవరాలిది జర్మనీది. ఎందుకలా? ఆయనకు ఇప్పుడైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వస్తుందండీ. కార్మికుల కోసం టర్కీతో 1961 అక్టోబర్ 30న చేసుకున్న ఒప్పందంతో వెళ్లిన వాళ్లను జర్మనీ ‘అతిథి కార్మికులు’ అంది. ఇస్తాంబుల్‌లో పళ్లు, రక్తం, మూత్రం పరీక్షించి సిర్కెజీ స్టేషన్‌లో రైలెక్కిస్తే, దిగేది మ్యూనిక్ 11వ ప్లాట్‌ఫారం మీద. మొదట రెండేళ్లే గడువు. కానీ పని నేర్చినవాళ్లను పంపి మళ్లీ కొత్తవాళ్లకు నేర్పడం ఫ్యాక్టరీలకు దండగ కాబట్టి, 1964లో ఆ గడువు ఎత్తేశారు. 1973 నవంబర్‌లో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశాక, వెళితే మళ్లీ రానివ్వరన్న భయంతో చాలామంది భార్యాబిడ్డలనే రప్పించుకున్నారు.

అక్కడ పుట్టినా 2000 దాకా పిల్లలకు పౌరసత్వం తల్లిదండ్రుల్ని బట్టే వచ్చేది. మనవరాలు ఆ తర్వాత పుట్టి ఉంటే పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. పెద్దలు తీసుకోవాలంటే మాత్రం 2024 దాకా మామూలుగా టర్కీది వదులుకోవాల్సి వచ్చేది. సొంతూరి నేలతో బంధం తెంచుకోమన్నట్టే కదా! అలా వదులుకున్నవారికి టర్కీ ‘నీలి కార్డు’ ఇస్తుంది. ఆస్తి, వారసత్వ హక్కులుంటాయి, ఓటుండదు.

2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చు. 1974 జూన్ 30 లోపు వచ్చిన కార్మికులకు రాతపరీక్ష లేదు, రోజువారీ జర్మన్ మాట్లాడగలిగితే చాలు. దరఖాస్తు స్థానిక పౌరసత్వ కార్యాలయంలో ఇవ్వాలి, రుసుము 255 యూరోలు. ఎప్పుడొచ్చారో చూపే పాత పాస్‌పోర్టు, పని కాగితాలు పారేయొద్దని తాతగారికి తప్పక చెప్పించండి.