ఫైలు మీద వీణ

ప్రశ్న: హిందీ వ్యంగ్య కథలను హాస్య నాటికలుగా మలిచినప్పుడు, కథకుడి వ్యాఖ్యలోని పదును రంగస్థలంపై ఎందుకు తగ్గిపోతుంది?

జవాబు: వ్యాఖ్యను యథాతథంగా సంభాషణల్లోకి దింపడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. హరిశంకర్ పర్సాయీ (1924–1995) కథ ‘భోలారామ్ కా జీవ్’లో, పింఛను అందకుండానే మరణించిన ఉద్యోగి జీవుణ్ని వెతుకుతూ భూమికి దిగిన నారదుణ్ని, దరఖాస్తులపై ‘బరువు’ పెట్టమని అధికారి అడిగి, చివరకు వీణనే తీసుకుంటాడు. లంచమనే మాట పలికించకుండా, వీణ చేతులు మారే క్షణాన్ని మౌనంగా, నిదానంగా నడిపితే నవ్వుతోపాటు బాధా కలుగుతుంది. హిందీ ‘వజన్’కు మన ‘బరువు’ చక్కగా అమరడం అనుసరణకర్తకు అదృష్టమే. పింఛను దరఖాస్తుల ఫైలులోనే చిక్కుకుపోయిన జీవుడు, ఉత్తర్వు వచ్చిందా అని అందులోంచి అడిగే చోట మాత్రం విచిత్ర ధ్వనులతో నవ్వించబోకండి. అది అలసిన వృద్ధుడి గొంతుగానే వినిపించాలి. ఈ కథపై కాపీరైటు 2055 చివరివరకు ఉంటుంది కనుక, ప్రదర్శనకు ముందు హక్కుదారుల అనుమతి తప్పక తీసుకోండి.