నాన్నకి డయాలసిస్.. నా నర్సింగ్ చదువు ఆపేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలం. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ఆర్నెల్ల క్రితం నాన్నకి రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. మంగళ, గురు, శనివారాల్లో సోంపేటలో డయాలసిస్. అన్నయ్య హైదరాబాద్‌లో పనిచేస్తున్నాడు. 'ఇంట్లో నర్సు ఉండగా ఊరివాళ్ల కాళ్లావేళ్లా పడటమెందుకు, చదువు మానేసి వచ్చేయ్' అంటోంది అమ్మ. చదువయ్యాక జర్మనీ వెళ్దామనుకున్నాను. ఇప్పుడు ఆ మాటెత్తాలంటే సిగ్గేస్తోంది. మొన్న డయాలసిస్ వార్డులో పోస్టింగ్ మొదలైంది. నాన్న వయసాయన్ని చూడగానే చేతులు వణికి బయటికొచ్చేశాను. ఈ ఉద్యోగానికి నేను పనికిరానేమో?

జవాబు: మీ అమ్మ మాటలో ఉన్నది భయం తల్లీ. మిషను, సూదులు, మందుల చీటీ అర్థమయ్యే మనిషి ఇంట్లో నువ్వొక్కదానివే. కానీ డయాలసిస్ చేసేది అక్కడి సిబ్బంది. ఆ 4 గంటలూ నువ్వు పక్కనున్నా చేసేది కూర్చోవడమే. ఇంటి దగ్గర పనికి డిగ్రీ అక్కర్లేదు, ఎవరైనా ఒకసారి సరిగ్గా నేర్పితే చాలు. నేర్పడం నీ వంతు.

అందుకు ఆదివారం మంచిది. శనివారం తర్వాత మళ్లీ మంగళవారం దాకా డయాలసిస్ లేదు కదా, వారంలో ఒంట్లో నీరు, పొటాషియం ఎక్కువ పేరుకునేది ఆ రెండు రోజుల ఖాళీలోనే. ఆయాసం వచ్చి అర్ధరాత్రి ఆటో కోసం వెతుక్కునేదీ అప్పుడే. ముందురోజు వచ్చిన మూత్రాన్ని కొలిచి, దానికి అర లీటరు కలిపితే ఆ రోజు తాగదగ్గ నీరు. డాక్టరు వేరే లెక్క చెబితే అదే పాటించండి. పొద్దున్నే అంత నీళ్లు ఒక సీసాలో పోయించు. టీ, మజ్జిగ, చారు ఏది తాగినా అంత నీరు సీసాలోంచి పారబోయాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు 2, 2.5 కిలోలకు మించి పెరగకూడదు. కాబట్టి ఇంట్లో ఒక తూకం మిషను కొనండి.

ఇంకొకటి, కొబ్బరి బొండం. ఎండనపడి వచ్చిన మనిషికి బొండం కొట్టివ్వడం మీ ఉద్దానంలో మర్యాద. డయాలసిస్ మనిషికి మాత్రం అందులోని పొటాషియం గుండెకే ఎసరు పెడుతుంది. ఆ సంగతి చుట్టాలకి నువ్వే చెప్పు, అమ్మ చెబితే 'ఒక్కటి తాగితే ఏమవుతుంది' అంటారు. నాన్న చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాల్ని కలిపి కుట్టిన చోటు) పెట్టి ఉంటే, అమ్మ వేళ్లు దాని మీద ఆనించి లోపల జుమ్మనే అదురు చూపించు. రోజూ లేవగానే చూడాలి. అదురు తెలియకపోతే సాయంత్రం దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, సూది వేయనివ్వకూడదు, దాంతో బరువులు ఎత్తకూడదు.

తోడు వెళ్లే విషయంలో అన్నయ్యకీ వంతు ఉంది. రాలేకపోతే తోడు మనిషికి, ఆటోకి డబ్బు పంపాలి. అతను హైదరాబాద్‌లో ఉండటం తప్పు కానప్పుడు నువ్వు శ్రీకాకుళంలో ఉండటం తప్పెలా అయింది? డయాలసిస్ వాళ్లకిచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను ఇంకా రాకపోతే సచివాలయంలో అడగండి.

'పూర్తిగా మానను, డయాలసిస్ రోజుల్లో మాత్రం ఇంటికొస్తాను' అని అమ్మతో రాజీపడదామనుకుంటున్నావేమో, ముందు లెక్క చూడు. ఆరు రోజుల వారంలో ఒక రోజు పోతే హాజరు 83 శాతం, రెండు పోతే 67, మూడూ పోతే 50. పరీక్ష రాయాలంటే 80 ఉండాలి. క్లినికల్ పోస్టింగులైతే డిగ్రీ చేతికొచ్చేలోగా నూటికి నూరూ పూర్తి చేయాల్సిందే. మరీ తప్పకపోతే ప్రిన్సిపాల్‌కి రాసిచ్చి కొంతకాలం విరామం తీసుకోవచ్చు, కోర్సు ముగించడానికి మొత్తం 8 ఏళ్ల గడువుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు ఏమవుతుందో మాత్రం ముందే ఆఫీసులో అడుగు. చెప్పాపెట్టకుండా మానేస్తే డిగ్రీ లేదు, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేదు. చేతిలో మిగిలేది ఇంటర్ సర్టిఫికెట్టే.

చేతులు వణికాయన్నావు. ఆర్నెల్లుగా నాన్నని ఆ మంచం మీద చూస్తున్న పిల్లకి వణక్కపోతేనే ఆశ్చర్యం. దాన్నిబట్టి పనికిరానని తేల్చేసుకోకు. క్లాస్ కోఆర్డినేటర్‌కి ఉన్న విషయం చెప్పి, వేరే బ్యాచ్‌తో పోస్టింగ్ మార్చుకునే వీలుందా అడుగు. వీల్లేకపోతే డ్యూటీ ఎక్కకముందే వార్డు సిస్టర్‌కి చెప్పి, మొదటి వారం బరువులు, బీపీలు, చార్టుల పని ఇమ్మను. పాతికేళ్ల పేషెంటుతో మొదలుపెట్టు, నాన్న వయసు వాళ్ల దగ్గరికి తర్వాత వెళ్దువుగాని. మూడు వారాలైనా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా 14416కి ఫోన్ చెయ్. టెలీమానస్ అది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

జర్మనీ గురించి ఇప్పుడే అవుననీ కాదనీ చెప్పకు. అక్కడ నర్సుగా గుర్తింపుకి సాధారణంగా భాషలో బీ2 స్థాయి అడుగుతారు, అది ఎలాగూ నెలల తరబడి పని. ఇక్కడే ఉండాలనుకుంటే పల్లెల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు ఉద్యోగాలకి మీ డిగ్రీనే అర్హత. ఎయిమ్స్ వాళ్లు నర్సుల ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్షకి బీఎస్సీ వాళ్లని అనుభవం అడగరు. నాన్న కోసమని డయాలసిస్ నర్సునే అవుతానని మాత్రం ఈ ఏడు ఒట్టు పెట్టుకోకు. కిడ్నీ ఇస్తానని కూడా మాటివ్వకు. ఉద్దానంలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు రావడానికి కారణమేంటో ఇంకా తేలలేదు, నువ్వూ ఆ నీళ్లు తాగి పెరిగినదానివే. ఈ నెల్లోనే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకుని, బీపీ చూపించుకో. బాగున్నా ఏడాదికోసారి మళ్లీ.