ప్రతిపక్షం నిలదీస్తే కోతలు ఆగుతాయా? మా శివారు కాలువ మీద నేను చూసినది

‘పొదుపు పేరుతో ప్రభుత్వం ప్రజాసేవలకు కోత పెట్టినప్పుడు ప్రతిపక్ష నాయకుడు నిలదీయడం వల్ల జనానికి ఏమైనా ఒరుగుతుందా, లేక అదంతా వచ్చే ఎన్నికల కోసం చేసే హడావుడేనా’ అని మీరు అడిగారు. ఒరుగుతుంది, అయితే కొంచెమే. ఆ కొంచెం కూడా నాయకుడు ఎంత గట్టిగా మాట్లాడాడన్న దాన్ని బట్టి కాక, ప్రభుత్వం చేత ఏ లెక్క రాయించి బయటపెట్టించాడన్న దాన్ని బట్టి ఉంటుందని నా అనుభవం. నేను కోనసీమలో, సముద్రానికి చేరువగా, పంట కాలువ చిట్టచివర నాలుగెకరాలు సాగు చేసుకునే రైతును. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు అందరి చేలూ తడిసిన తరువాత మా దగ్గరకు వస్తుంది. వాన కురిస్తే అందరి చేలలోని మురుగూ మా మీదుగానే సముద్రానికి పోతుంది. కాబట్టి కాలువ నిర్వహణలో ఎక్కడ ఒక రూపాయి తగ్గించినా ఆ సంగతి మా శివారుకు ముందుగా తెలుస్తుంది.

కోత అనగానే మంత్రిగారు బడ్జెట్ ప్రసంగంలో ఫలానా సేవను ఎత్తేస్తున్నామని ప్రకటిస్తారని చాలామంది అనుకుంటారు. మా ప్రాంతంలో నేను చూసిన కోత ఏనాడూ అలా చెప్పి రాలేదు. ఒకరు పదవీ విరమణ చేస్తారు, ఆ స్థానంలో మరొకరు రారు, అంతే. నా చిన్నతనంలో మా కాలువ మీద తూములు, గట్లు చూసుకునే ప్రభుత్వ కావలివాళ్లు, అంటే లస్కర్లు, ముగ్గురు ఉండేవారు. మా ఊరి తూము చూసుకునే లస్కరు పొద్దున్నే సైకిలు హ్యాండిలుకు మర తిప్పే ఇనుప కమ్మీ తగిలించుకుని వచ్చి, గోడ మీద అడుగులు, అంగుళాలుగా రంగు వేసిన కొలతను వంగి చూసి, ఆ అంకెను జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుని, తలుపును రెండు చుట్లో మూడు చుట్లో తిప్పేవాడు. వంతులవారీ నీరు వదిలే దాళ్వా (రబీ పంట) రోజుల్లో రాత్రిపూట గట్టు మీద లాంతరు పట్టుకుని తిరిగేవాడు. ఎగువ వాళ్లు బోదెకు (చేలకు నీరు తెచ్చే పిల్ల కాలువకు) అడ్డు వేస్తే అక్కడే నిలబడి తీయించేవాడు. ఆయన విరమణ తరువాత ఎవరూ రాలేదు. ఆ ఇనుప కమ్మీ మాత్రం ఎగువ రైతు ఒకరి ఇంటి చూరులోకి చేరింది. ఆ కమ్మీ ఎవరి చూరులో ఉంటే నీరు వారిది, ఇంకేమి చెప్పాలి?

ఈ పొదుపు ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. ప్రభుత్వ కార్యాలయాలలో రోజుకూలీ, తాత్కాలిక నియామకాలకు అడ్డుకట్ట వేసిన చట్టం, ఉద్యోగులు నేటికీ ‘రెండు బై తొంభై నాలుగు’ అని పిలిచేది, 1994 నాటిది. 1998లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆర్థిక పునర్వ్యవస్థీకరణ మొదలైంది. 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. 2005లో మరో ప్రభుత్వం లోటుకు, అప్పులకు హద్దు పెట్టే ద్రవ్య బాధ్యత చట్టం తెచ్చింది. మధ్యలో 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు వామపక్షాలు, అప్పటి ప్రతిపక్ష నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి నాయకత్వంలోని కాంగ్రెస్ సాగించిన పోరాటం నాకు బాగా గుర్తుంది. ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులలో ముగ్గురు చనిపోయారన్న వార్తను మా ఊరి గ్రంథాలయంలో ఒకే పత్రిక చుట్టూ పదిమంది నిలబడి చదివాము. 2004లో ఆయన ముఖ్యమంత్రి అయిన రోజే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ దస్త్రం మీద తొలి సంతకం చేశారు. అయితే ఆ పోరాటానికి ఒక సౌలభ్యం ఉన్నది: కరెంటు బిల్లు ప్రతి ఇంటికీ వస్తుంది, చదువు రానివారికి కూడా ఆ అంకె అర్థమవుతుంది. ఖాళీ అయిన లస్కరు పోస్టు ఎవరి గుమ్మంలోకీ రాదు, కాబట్టి దాని గురించి ఏ నాయకుడూ నిరాహార దీక్ష చేయడు.

మా సంగతికి వస్తాను. కొన్నేళ్ల క్రితం సార్వాలో (ఖరీఫ్ పంటలో) ఊడ్పులు ముగిసిన వారానికే అల్పపీడనం పట్టి నాలుగు రోజులు విడవకుండా కురిసింది. మురుగు కాలువలో గుర్రపుడెక్క కల్వర్టుకు అడ్డంగా పేరుకుని, మనిషి నడిచినా దిగబడనంత గట్టిగా బిగుసుకుపోయింది. నాట్లు వారం రోజులు నీళ్లలో ఉండి కుళ్లాయి. అప్పుడు మా నియోజకవర్గంలో ఓడిపోయిన ప్రతిపక్ష పార్టీ ఇన్‌ఛార్జి వచ్చారు. ఏ పార్టీయో చెప్పను, చెప్పినా ఈ కథలో తేడా రాదు. పంచె ఎగగట్టి మోకాలి లోతు నీటిలో దిగారు, కుళ్లిన దుబ్బు ఒకటి పీకి కెమెరాల ముందు పైకెత్తారు, ప్రభుత్వం రైతుల ఉసురు పోసుకుంటోందన్నారు. ఇవన్నీ మేము ఎరిగినవే. అంతలో గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడిన మా పెదనాన్నగారు, ‘బాబుగారూ, ఈ కాలువ మీద గవర్నమెంటు లెక్కలో లస్కర్లు ఎంతమంది ఉండాలండి? ఇప్పుడు ఎంతమంది ఉన్నారండి?’ అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, ‘తెలియదండి. కనుక్కుని చెబుతాను’ అన్నారు. అంతమంది ముందు తెలియదని ఒప్పుకున్న రాజకీయ నాయకుడిని నేను అంతకు ముందు చూడలేదు; ఆయన మీద నాకు గౌరవం కలిగిన క్షణం అదే, దుబ్బు ఎత్తినప్పుడు కాదు.

కనుక్కోవడం అంత సులభంగా జరగలేదు. సమాచార హక్కు చట్టం కింద నేనే దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు దాటిన తరువాత కాలువల శాఖ కార్యాలయం నుంచి ‘కోరిన రూపంలో సమాచారం లేదు’ అన్న ఒక్క వాక్యం వచ్చింది. అప్పుడు ఇన్‌ఛార్జిగారు తమ పార్టీ శాసనసభ్యుడొకరి చేత సభలో ప్రశ్న వేయించారు. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా ఇస్తే చాలు. మాది రెండో రకం. టీవీలో రాదు, ఎవరూ బల్లలు చరచరు. కానీ వచ్చిన జవాబులో మంజూరైన పోస్టులు ఒక వరుసలో, పనిచేస్తున్నవారు మరో వరుసలో ఉన్నారు. రెండో అంకె మొదటిదానిలో సగం కూడా లేదు. చివరి గడిలో ‘భర్తీ ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది’ అని రాశారు. కోతల మీద పోరాడే ప్రతిపక్షం చేతిలో ఉన్న మరో ఆయుధం పేరు కూడా కోత తీర్మానమే కావడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది: ఫలానా శాఖ పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని తీర్మానం పెట్టి, ఆ వంకతో ఆ శాఖ విధానాన్ని దులిపేస్తారు. సంఖ్యాబలం లేనందున అది వీగిపోతుంది, చర్చ మాత్రం రికార్డులో మిగులుతుంది.

ఆ జవాబు నకలు పట్టుకుని, కాలువలకు నీరు వదిలే తేదీ నిర్ణయించే సాగునీటి సలహా మండలి సమావేశానికి మా వాళ్లు వెళ్లారు. ఈసారి అధికారులు ‘సిబ్బంది కొరత లేదు’ అనలేకపోయారు, ఎందుకంటే కొరత ఉన్నదని వారి మంత్రిగారే సంతకం చేసి చెప్పారు. ఫలితంగా సీజను వరకు ఔట్‌సోర్సింగ్ మీద ఇద్దరిని పెట్టారు. గుర్రపుడెక్క తీసే పనిని జూలై దాకా ఈడ్చకుండా, వేసవిలో కాలువలకు నీరు ఆపేసినప్పుడే చేశారు. ఇనుప కమ్మీ చూరులోంచి బయటకు వచ్చింది. శాశ్వత పోస్టు ఒక్కటీ భర్తీ కాలేదు. ఒరిగింది కొంచెమే అని మొదట అన్నది ఇందుకే.

కంటికి కనిపించే కోతల విషయంలో ప్రతిపక్షానికి పని తేలిక. 2022లో జీవో 117 ప్రకారం మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు, కాలువ గట్టు వెంట చిన్నపిల్లలు నడిచి వెళ్లడం తల్లులు కళ్లారా చూశారు. అప్పటి ప్రతిపక్షం దాన్ని వదలలేదు, అధికారంలోకి వచ్చాక 2025లో ఆ జీవోను రద్దు చేసింది. అదే ఏడాది అమలాపురం, పాలకొల్లు సహా పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలోకి మార్చాలన్న నిర్ణయం మీద ఇప్పటి ప్రతిపక్షం కోటి సంతకాల సేకరణ చేపట్టింది. ఖజానాలో డబ్బు లేదు, ఇలా అయితే త్వరగా పూర్తవుతాయన్నది ప్రభుత్వ వాదన. పేదవాడికి కళాశాలలో సీటు, ఆసుపత్రిలో మంచం దూరమవుతాయన్నది ప్రతిపక్షం వాదన. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోగా మిగిలేది తక్కువేనన్నది అబద్ధం కాదు కనుక, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారని ప్రతిపక్షాన్ని కూడా అడగవలసిందే. అలాగే ఒక లస్కరు జీతం మిగుల్చుకుని, మునిగిన చేలకు నష్టపరిహారం పంచడం ఏ రకం పొదుపో ప్రభుత్వమూ చెప్పాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు ఆ పంట వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల గోడు కూడా వినిపించింది.

మీ నియోజకవర్గంలో నాయకుడు ధర్నాకు పిలిస్తే వెళ్లండి. వెళ్లినప్పుడు ఏ పోస్టు, ఏ పద్దు, ఎప్పటి నుంచి ఖాళీ అన్న మూడు ముక్కలు కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టండి.

తరువాతి ఎన్నికలలో మా ఇన్‌ఛార్జిగారి పార్టీయే గెలిచింది. అదే జవాబు పత్రం తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాము. కాఫీలు ఇప్పించారు, పెదనాన్నగారి ఆరోగ్యం అడిగారు, పత్రాన్ని చాలాసేపు చూసి, ‘ఖజానా పరిస్థితి మీకు తెలియనిది కాదు కదండి’ అన్నారు. నెల తిరగకముందే ఓడిపోయిన పార్టీ నుంచి ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద మా ఇంటికి వచ్చి, ‘ఏవండీ, లస్కర్ల లెక్క ఏదో మీ దగ్గర ఉన్నదటగా’ అని అడిగాడు. జిరాక్స్ తీయించి ఇచ్చాను. అసలు ప్రతి నా దగ్గరే ఉంచుకున్నాను.