ముక్కు సంగతి తర్వాత, ముందు ఆ కాఫీ సంగతి చూడు

గుంటూరు అబ్బాయి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 29, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెల కిందట విజయవాడ సత్యనారాయణపురంలో పెళ్ళిచూపులకి వెళ్తే అమ్మాయి నచ్చింది, బ్యాంకులో పని చేస్తుందట, డాబా మీద ఇద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారట. తిరుగు ప్రయాణంలో కారు వారధి దాటకముందే వాళ్ళమ్మగారు తేల్చేశారు: ముక్కు చప్పిడి, రంగు బాగా తక్కువ, రేపు ఆడపిల్ల పుట్టి ఈ పోలికే వస్తే దాని పెళ్ళికి మనం ఏడవాలి అని. ఇక ఈ అబ్బాయి నెట్‌లో జన్యువుల గురించి దొరికిందల్లా చదివి నన్నడుగుతున్నది, అందం తల్లి నుంచి పిల్లలకి ఎంత శాతం వస్తుంది, అమ్మ భయంలో నిజముందా అని.

బాబూ, మా పెద్దాడి వయసు నీది, నువ్వనే అంటాను.

అడిగావు కాబట్టి ముందు అది చెప్పేస్తా. పోలికలు వస్తాయి. కవలల మీద చేసిన పరిశోధనల్లోనూ మొహం అందంలో జన్యువుల వాటా పెద్దదేనని తేలింది. కానీ ఇదిగో ఇదీ అందం జన్యువు అని చూపించడం ఎవరివల్లా కాలేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1957లో హైస్కూలు చదువు పూర్తిచేసిన వాళ్ళ ఫోటోలకి మార్కులు వేయించి, నాలుగు వేల మందికి పైగా జన్యువులతో సరిచూసి 2019లో ఫలితాలు ప్రచురించారు. తేలింది బహు కొద్ది, అదీ ఆడవాళ్ళకి ఒకలా, మగవాళ్ళకి ఇంకోలా. ఆడవాళ్ళ మార్కులకి ఒంటి బరువు జన్యువులతో, మగవాళ్ళ మార్కులకి కొలెస్ట్రాల్ జన్యువులతో సంబంధం కనపడిందట. అందం కోసం వెతికితే కొలెస్ట్రాల్ తగిలింది, చూశావా! పైగా వాళ్ళంతా అమెరికా తెల్లవాళ్ళు, మార్కులూ అక్కడివాళ్ళ కళ్ళతో వేసినవే. ఆ లెక్క పట్టుకుని సత్యనారాయణపురం పిల్ల ముక్కు కొలవడం ఏమిటి?

రంగూ అంతే. ఎస్‌ఎల్‌సి24ఎ5 అని రంగుకి సంబంధించిన జన్యువు ఒకటుంది, దానిలో రంగుని తెలుపు వైపు తెచ్చే రకం మనకీ యూరప్ వాళ్ళకీ ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో మన హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు కూడా పాల్గొన్న అధ్యయనంలో తేలింది. అదొక్కటే కాదు, రంగుని నిర్ణయించే జన్యువులు ఇంకా ఉన్నాయి, అందుకే ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు రెండు రంగుల్లో ఉంటారు. తల్లి సగం, తండ్రి సగం ఇస్తారు, ఏ సగం వస్తుందో అడిగి తీసుకునేది కాదు. నీకు నాన్న రంగొచ్చిందని రాశావు, సంతోషం. పైకి కనపడకపోయినా నీలో సగం మీ అమ్మే. నువ్వు రంభని చేసుకున్నా పుట్టే పిల్ల అచ్చం నాయనమ్మలా, అంటే మీ అమ్మలా, పుట్టొచ్చు.

ఈ మాట మాత్రం మీ అమ్మ దగ్గర అనకు. ఎందుకో నీ ఉత్తరం మూడో పేజీ అడుగున ఉంది, ఒకటే లైను, అదీ బ్రాకెట్లో పెట్టావు. మీ నాయనమ్మ వీధి అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టుకుని, అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకొస్తుంటే, 'మా కోడలు చీకట్లో నవ్వితేగానీ కనబడదమ్మా' అనేదని, 'మేమంతా నవ్వేవాళ్ళం' అని.

మేమంతా అంటే ఎవరు బాబూ? మీ నాన్నగారు, నువ్వు, మీ అక్క, అంతేగా? ఆ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషి కూడా నవ్వే ఉంటుంది, నవ్వకపోతే మళ్ళీ మూతి ముడిచిందంటారు. పాతికేళ్ళు ఆ ఇంట్లో ఆ మాట పడింది. అత్తగారు పోయారు, మాట పోలేదు. ఇవాళ మీ అమ్మ ఆ అమ్మాయి రంగు చూసి భయపడుతోందంటే నాకు ఆశ్చర్యం లేదు, ఆ రంగుతో కోడలిగా వస్తే ఏమవుతుందో ఆవిడకి తెలిసినంత మీకెవరికీ తెలియదు. అలాగని ఆవిడది న్యాయమనను. తను పడ్డదాన్ని తీసుకెళ్ళి ఇంకో ఇంటి పిల్ల నెత్తిన పెట్టడం తప్పే. కానీ ఆవిడతో జన్యువులు వాదించకు, దండం పెడతాను. మా రోజుల్లో జడ విప్పించి చూసేవాళ్ళు, నడిపించి చూసేవాళ్ళు, నన్నూ నడిపించారులే, ఇప్పుడు జన్యువులంటున్నారు.

శనివారం ఇంటికి రా. నాన్నగారు బయటికెళ్ళాక వంటింట్లో అమ్మ పక్కన కూర్చో, ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నువ్వూ నాలుగు ఒలువు. ఆ కాఫీ సంగతి నాకు గుర్తుందమ్మా, నేనూ నవ్వాను, తప్పయింది అని చెప్పు. పెళ్ళి ఊసు ఆ పూట ఎత్తకు. ఏడిస్తే ఏడవనీ. ఆ అమ్మాయిని చేసుకుంటానని ఆదివారం చెప్పు, అడగడం కాదు, చెప్పడం. నీ జీతం నీ చేతికొచ్చి ఆరేళ్ళయిందని నువ్వే రాశావు.

అంతకంటే ముందు, ఇవాళే, విజయవాడకి ఫోన్ చెయ్యి. 'ఇంటికెళ్ళి కబురు చేస్తాం' అని బజ్జీలు తిని వచ్చి నెల దాటింది. ఫోన్ మోగినప్పుడల్లా ఆ తండ్రి ఎలా లేస్తున్నాడో నాకు తెలుసు, మా నాన్నని చూశాను. ఇంట్లో ఇంకా మాట్లాడుతున్నాం, ఆదివారం సాయంత్రానికల్లా చెప్తానని నిజమే చెప్పు. జాతకాలు కలవలేదన్న అబద్ధం మాత్రం వద్దు.

ఇంకోటి. ముప్పావుగంట మాట్లాడామని రాశావు గానీ, ఆ అమ్మాయి నిన్నేమడిగిందో, నువ్వు తనకి నచ్చావో లేదో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. కనుక్కున్నావా?