కొడుకా, దేవుని ముందర పద్దు తియ్యకు

కాజీపేట

కొడుకా,

నిన్న ఫోన్ల నువ్వడిగిన దానికి నేను జవాబు చెప్పలే. అది ఫోన్ల చెప్పే ముచ్చట కాదు. "పెద్దబాపూ, చర్చికి పదో వంతు ఇచ్చుడు ఎన్నడూ తప్పలే, సండే స్కూల్ పిల్లలకు ఇన్నేండ్లు పాఠాలు చెప్పిన, మరి నా ఇంటికే, నా భార్యకే ఎందుకొచ్చింది ఈ కిడ్నీల రోగం" అన్నవు. అడుగుడు తప్పు కాదు. యోబు అడిగిండు, దావీదు అడిగిండు. కాని నువ్వు పద్దు పుస్తకం చంకల పెట్టుకొని అడుగుతున్నవు. అదొక్కటి కింద పెట్టుమంటున్న.

లూకా ఏడో అధ్యాయం తీయి. కపెర్నహూముల శతాధిపతి పనోడు చావుబతుకుల మీదున్నడు. యూదుల పెద్దలు యేసు దగ్గరికొచ్చి, ఈయన యోగ్యుడు, మాకు సమాజమందిరం కట్టించిండు అని బతిమిలాడిన్రు. వాళ్లు చెప్పింది అబద్ధమేం కాదు. ఆ శతాధిపతి మాత్రం స్నేహితులను ఎదురు పంపి "నీవు నా యింటిలోనికి వచ్చుటకు నేను పాత్రుడను కాను" అనిపించిండు. నూరుమంది సిపాయిల మీద అధికారి, కట్టించిన మందిరం ఊసే ఎత్తలే. నీ మంచితనం పదిమంది చెప్తే చెప్పనియ్యి, నీ నోటితోని చెప్పకు.

బైబిల్ మంచిగ చదివినోనివి, హిజ్కియా రాజు తన మంచితనం చెప్పుకోలేదా అని నన్ను నిలదీస్తవు. చెప్పుకున్నడు. చావు దగ్గరికొచ్చినప్పుడు గోడవైపు మొఖం తిప్పుకొని, నేను యథార్థంగ నడిచిన, జ్ఞాపకం చేసుకొమ్మని ఏడ్చిండు. దేవుడు కసురుకోలే. కాని యెషయా ప్రవక్తతోని పంపిన జవాబు చదువు. ప్రార్థన విన్ననన్నడు, నీ కన్నీళ్లు చూసిననన్నడు, 15 ఏండ్ల ఆయుష్షు ఇస్తనన్నడు. ఆయన చెప్పుకున్న యథార్థత మాట ఆ జవాబుల ఎక్కడా లేదు. నాకైతే దాంట్ల పెద్ద ఊరట దొరుకుతది. నడక సక్కగ లేనోని కన్నీళ్లు కూడ చూస్తడన్నట్టే గదా.

అదే కథల ఇంకొకటున్నది, ప్రసంగాలల్ల తక్కువ వినపడ్తది. బతుకుతవని మాట ఇచ్చినంక కూడ యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించిండు. అది మందే. అందుకే ఎవరన్న ఇంటికొచ్చి, విశ్వాసముంటే డయాలసిస్ బంద్ చెయ్యిమంటే చాయ్ తాగిచ్చి పంపియ్యి. వారానికి మూడుసార్లు, తడవకు నాలుగు గంటలు ఆ మిషన్ పక్కన పండుకునుడు కూడ దేవుని ముందర తనను తాను తగ్గించుకునుడే. కుష్టు పట్టిన సిరియా సేనాపతి నయమాను కోపమంత దేని మీద? ప్రవక్త బయటికొచ్చి చెయ్యి ఆడిస్తడనుకున్నడు. ఆయనేమో మనిషితోని కబురు పంపి యొర్దానుల ఏడుసార్లు మునుగుమన్నడు. మా దమస్కు నదులు ఇంతకంటే మంచియి కావా అని గుర్రాలు మళ్లించిండు. ఆఖరికి తగ్గి మునిగితేనే బాగయ్యిండు. ఆరోగ్యశ్రీ కౌంటర్ ముందర కాగితాలు పట్టుకొని నిలబడ్డప్పుడు నీకు కూడ గట్లనే అనిపిస్తది, డిగ్రీ చదివినోన్ని నేను చెయ్యి చాపాల్నా అని. చాపు. జీవన్‌దాన్‌ల కిడ్నీ మార్పిడికి కోడలి పేరు రాయించినవో లేదో చెప్పలే. లేకుంటే డాక్టరమ్మను అడుగు, ఆలస్యం చెయ్యకు.

రాత్రిపూట ప్రార్థనకు మాటలు దొరుకుతలేవన్నవు. దొరకకుంటే ఏమైతది? మూడు దండులు మీదికొస్తే యెహోషాపాతు రాజు "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అన్నడు. ఒంటరిగ గదిల అన్నమాట కాదు, చంటిపిల్లలతోని ఆడోళ్లు నిలబడి వింటుంటే అన్నడు. మా సంఘంల పత్తి ఏరబోయే ఒక అవ్వ ఉండేది. కొడుకు ఆస్పత్రిల ఉన్నన్ని రోజులు కూడికల లేసి "అయ్యా, నా చేతుల ఏం లేదు, నీకే ఎర్క" అని కూసునేది. మేం పెద్దలమంత ఒక్కొక్కలం పావుగంట తీసుకునేటోళ్లం అనుకో.

పెద్ద పెద్ద మాటలు పక్కకు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ ఎండల్ల కోడలు నీళ్లు ఎక్కువ తాగొద్దని మూతతోని కొలుచుకొని తాగుతున్నది, ఐసుముక్క నాలుక మీద పెట్టుకొని దప్పిక ఆపుకుంటున్నది. ఆ దప్పిక గురించి చెప్పు. సూదులు గుచ్చిన కాడ చెయ్యి ఉబ్బిన సంగతి చెప్పు. రేపటి ఆటో కిరాయి అడుగు. గింత చిన్నదా అని సిగ్గుపడకు.

మొక్కు సంగతి. ఆమె లేసి నడిస్తే మెదక్ చర్చికొచ్చి ఎకరం అమ్మిన పైసలు ఇస్తనని మొక్కుకున్ననన్నవు. ఆ చర్చి ఎట్ల కట్టిన్రో ఎర్కేనా? కరువుల ఆకలికి సచ్చే జనానికి పని చూపి అన్నం పెట్టనీకి పోస్నెట్ దొర మొదలుపెట్టిండు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. ఏం లేనోళ్లు రాళ్లు మోసి బువ్వ తిన్న జాగ అది, అక్కడ బేరమెందుకు? మొక్కి చెల్లించకపోయేకంటే మొక్కకపోవుడే మేలని ప్రసంగి అననే అన్నడు. ఎకరం ఉంచు, మందులకు కావాలె. ఆమె బాగైతే సంతోషంతోని ఏమిచ్చినా అది వేరే ముచ్చట.

ఏదో పాపం దాచిండు కాబట్టే ఇట్లయిందని సంఘంల ఒకరిద్దరు అంటున్నరట. బిడ్డల్లేక ఏడ్చుకుంట ప్రార్థన చేస్తున్న హన్నాను ఏలీ యాజకుడే తాగుబోతనుకున్నడు. ఆమె కొట్లాడలే, మనోదుఃఖంల ఉన్ననని చెప్పింది. నువ్వు కూడ గంతే చెప్పి ఊకో.

కోడలికి తప్పకుండ నయమైతదని నేను రాసియ్యలేను. పౌలు ముమ్మారు వేడుకున్నా ఆయన శరీరంల ముల్లు పోలే, కృప చాలన్నడు దేవుడు. అట్లని అడుగుడు ఆపకు.

మంగళవారం పొద్దుగాల వస్త. ఆ నాలుగు గంటలు కోడలి దగ్గర నేను కూసుంట, నువ్వు ఇంటికి పోయి పండుకో. బిడ్డ స్కూల్ ఫీజు కట్టలేదని, ఎవ్వరికీ చెప్పొద్దన్నవని మీ పెద్దమ్మ చెప్పింది. శుక్రవారం కూడిక అయినంక పాస్టర్‌గారికి ఆ మాట నువ్వే చెప్పాలె, నేను చెప్ప.

మీ పెద్దబాపు