బీడీఎస్ మార్కులు తక్కువ, అమెరికాలో డెంటల్ సీటు వస్తుందా?

ప్రశ్న: నా వయసు 31. గుంటూరు జిల్లా మాది. బీడీఎస్‌లో 57 శాతం వచ్చింది. నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగిన రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు పోతే సప్లీ రాసి పాసయ్యాను. పెళ్లయ్యాక హెచ్4 వీసా మీద డాలస్ వచ్చాను. ఇక్కడ డెంటిస్టు లైసెన్సుకు రాసే జాతీయ పరీక్ష ఐఎన్‌బీడీఈ పాసై, మనలాంటి విదేశీ డెంటిస్టులు మళ్లీ చదివే డెంటల్ కోర్సు కోసం వరసగా రెండేళ్లు కాలేజీలకు అప్లై చేశాను. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ‘ఇంకా ఎన్నాళ్లమ్మా, ఏదో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి ఉద్యోగం చూసుకోరాదూ’ అంటున్నారు అత్తయ్య. మావారు ఏమీ అనరు. ఆ మౌనమే ఎక్కువ భయపెడుతోంది. మెయిల్ తెరవాలంటేనే టెన్షన్. ఆశ పెట్టుకోవాలా, వదిలేయాలా? – ఒక సోదరి

జవాబు: వదిలేయమని చెప్పనమ్మా. కానీ గత రెండేళ్లూ పంపిన అప్లికేషన్‌నే మూడోసారి కూడా పంపుతానంటే మాత్రం వద్దంటాను.

ముందు ఆ 57 సంగతి. మన హెల్త్ యూనివర్సిటీల్లో పాస్ మార్కే 50. విదేశీ డిగ్రీలను మదింపు చేసే ఈసీఈ లాంటి సంస్థలు మన శాతాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవు. మన దగ్గరి గ్రేడింగ్ పద్ధతిని బట్టి అక్కడి జీపీఏగా మారుస్తాయి. మీ రిపోర్టులో ఆ జీపీఏ ఎంతో చూసుకోండి. కొన్ని కాలేజీలు కనీస జీపీఏ అడుగుతాయి. అది మీకు లేకపోతే అక్కడ ఫీజు కట్టడం దండగ. పేరున్న కాలేజీలన్నిటికీ పంపేసి దేవుడి మీద భారం వేయడం మన పిల్లలు చాలామంది చేసే పని. ఈసారి ఒక్కో కాలేజీ షరతులు చదివి, వాళ్లు పెట్టే వెబినార్లకు హాజరై, మీకు సరిపోయేవే ఎంచుకోండి.

ఐఎన్‌బీడీఈ పాసవడం చిన్న విషయం కాదు. 500 ప్రశ్నలు, రెండు రోజుల పరీక్ష. అయితే అందులో వచ్చేది పాస్ లేదా ఫెయిల్ మాత్రమే, ఎంత బాగా రాశారో కాలేజీకి తెలియదు. కాబట్టి పాత మార్కుల లోటు అది పూడ్చలేదు. ఆ పని కొంతవరకు చేయగలిగేది ఏడీఏటీ అనే డెంటల్ ప్రవేశ పరీక్ష. దానికి 200 నుంచి 800 వరకు స్కోరు ఇస్తారు. అన్ని కాలేజీలూ చూడవు. చూసే చోట మాత్రం, ఇప్పటి మీరు ఎలా చదువుతున్నారో చెప్పే కొత్త అంకె అవుతుంది.

ఇక సప్లీలు. అవి ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తాయి, దాచలేరు. అలాగని అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో పేజీడు సంజాయిషీ అక్కర్లేదు. ‘రెండో ఏడాదిలో నాన్నకు ఆపరేషన్ జరిగింది. రెండు సబ్జెక్టులు తప్పాను. సప్లిమెంటరీలో పాసయ్యాను’ అని మూడు వాక్యాలు రాసి ముందుకు వెళ్లండి. ఆ తర్వాతంతా పేషెంట్ల గురించే ఉండాలి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పన్ను పీకించుకోవడానికి భయపడి కుర్చీలోంచి లేచిపోయిన ముసలాయన్ని మళ్లీ ఎలా కూర్చోబెట్టారో, అలాంటిది మీ అనుభవంలోది రాయండి. చిన్నప్పటి నుంచీ డాక్టర్ కావాలని కల కన్నానని మొదలుపెట్టకండి. వందలమంది అలాగే మొదలుపెడతారు.

మీ ఉత్తరంలో నాకు కనిపించని మాట ఇంకొకటి ఉంది: చేతి పని. చివరిసారి హ్యాండ్‌పీస్ (పన్ను అరగదీసే డ్రిల్లు) పట్టుకుని ఎన్నాళ్లయింది? చాలా కాలేజీలు ఇంటర్వ్యూతో పాటు బెంచ్ టెస్ట్ అనే చేతి పని పరీక్ష పెడతాయి. టైపోడాంట్ (నమూనా పళ్ల సెట్టు) మీద క్రౌన్ ప్రిపరేషన్ (తొడుగు కోసం పన్ను అరగదీయడం), క్లాస్ 2 కావిటీ (దవడ పన్ను పక్కభాగంలో ఫిల్లింగ్‌కు గుంత చేయడం), మైనపు పన్ను చెక్కడం లాంటివి గడియారం పెట్టి చేయిస్తారు. పక్క పన్నుకు గీత పడిందా, మార్జిన్ (అరగదీసిన అంచు) నున్నగా వచ్చిందా, టేపర్ (గోడల వాలు) ఎక్కువైందా అని దగ్గరగా చూస్తారు. అక్కడ మీ 57 శాతం ఎవరికీ కనబడదు. ఇంటర్వ్యూ వచ్చాక నేర్చుకుందాం అనుకుంటే ఆలస్యమవుతుంది. ఇప్పుడే ఒక టైపోడాంట్, మైనపు పనిముట్లు కొనుక్కుని రోజూ కాసేపు కూర్చోండి. మెయిల్ కోసం ఎదురుచూసే చేతులకు పని దొరికితే ఆ వణుకు కూడా తగ్గుతుంది.

దగ్గర్లోని డెంటిస్టును అడిగి పక్కన నిలబడి చూసే అవకాశం సంపాదించండి. మీకు రికమండేషన్ లెటర్ రాసేవాళ్లు అక్కడే దొరుకుతారు. ఫిబ్రవరిలో ‘గివ్ కిడ్స్ ఎ స్మైల్’ పేరిట పిల్లలకు ఉచిత డెంటల్ శిబిరాలు జరుగుతాయి, వాలంటీర్‌గా వెళ్లండి. పని చేసుకునే అనుమతి పత్రం ఈఏడీ లేకుండా జీతానికి మాత్రం ఒప్పుకోవద్దు. వీసాకే ముప్పు.

ఇప్పుడు మీవారు మౌనంగా ఉన్నారన్న మాట. ఆయన మనసులో ఏముందో మీరే ఊహించుకుని కుమిలిపోతున్నారు. బహుశా ఆయనకున్న దిగులు మీ మార్కుల గురించి కాదు, డబ్బు గురించి కావచ్చు. రెండు మూడేళ్ల కోర్సు, భారీ ఫీజు, లోన్‌కు సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవారో పూచీ ఉండమని అడిగే బ్యాంకులు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. పిల్లల గురించి ఏమనుకుంటున్నారో కూడా మాట్లాడుకోండి. ఇంకెన్నిసార్లు అప్లై చేయాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. ఆ గడువు మీరిద్దరూ పెట్టుకున్నదైతే అవమానంగా ఉండదు. గడువు దాటాక పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ లాంటి దారి చూసుకున్నా ఓడిపోయినట్టు కాదు.

అత్తయ్యగారికి జవాబు మీరు చెప్పకండి, మీవారిని చెప్పమనండి. ‘ఫలానా నెల దాకా చదువుకుంటుందమ్మా, ఇద్దరం అనుకున్నాం’ అని కొడుకు నోట వింటే ఆవిడ కూడా కాస్త నెమ్మదిస్తారు. కోడలికి జీవితం స్థిరపడలేదన్న బెంగతోనే ఆ మాట అని ఉండొచ్చు. ఫోన్ చేసినప్పుడు సీటు సంగతి కాకుండా ఆవిడ మోకాళ్ల నొప్పులో, ఊరి కబుర్లో అడగండి.